ముప్ఫై ఏడో నంబరు బిళ్ల

శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండూ పది. నాలుగు గంటలకు పంపాయనను కోర్టులో నిలబెడతారు. అంటే వదినగారి చేతిలో ఉన్నది మూడు గంటల యాభై నిమిషాలు. అందులో పది నిమిషాలు ఇన్‌స్పెక్టర్ తాపీగా కాఫీ తాగుతుంటే చూస్తూ కూర్చోవడానికే పోయాయి.

“మేడమ్, ఇందులో డిటెక్టివ్ పనేముందో చెప్పండి. ఒక పెద్దాయన డాక్‌లోకి దిగాడు. ఇంకో పెద్దాయన నీళ్లు వదిలాడు. దిగినాయన కంగారుపడి పరిగెత్తాడు, పాచి మీద జారాడు, తల కొట్టుకుంది, మునిగిపోయాడు. తలకు దెబ్బ ఉంది, ఊపిరితిత్తుల్లో నీళ్లున్నాయి. డాక్టరు రాసిచ్చేశాడు. కేసు తేలిపోయింది.”

“తేలింది మనిషి, మరిదిగారూ. కేసు ఇంకా అడుగునే ఉంది.”

“స్టేషన్లో మరిదీ గిరిదీ వద్దని చెప్పానా వదినా!” అనేసి, తలుపు దగ్గర కానిస్టేబుల్ నవ్వాపుకోవడం చూసి నాలిక్కరుచుకున్నాడు.

ఆవిడ అసలు పేరు డిపార్టుమెంటులో ఎవరికీ గుర్తులేదు. ఇన్‌స్పెక్టర్‌కి సొంత అన్నగారి భార్య. రైల్వే ప్రమాదాల విచారణ ఆఫీసులో ఇరవై ఆరేళ్లు పనిచేశారు. ఏ బండి ఏ నిమిషానికి ఏ సిగ్నలు దాటిందో తేల్చి చెప్పడమే ఆవిడ ఉద్యోగం. ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచారు. తెరిచిన మొదటి నెలలోనే మరిది పట్టుకొచ్చిన దొంగ దొంగ కాదని నిరూపించి విడిపించారు. ఆ రోజు కోర్టు వరండాలో అందరూ వింటుండగా అతను “ఏంటి వదినా ఇది!” అని అరిచాడు. అప్పటి నుంచి జడ్జిగారి గుమాస్తా దాకా అందరికీ ఆవిడ వదినగారే.

పక్క గదిలో పంపాయన బల్ల అంచున కూర్చుని ఉన్నాడు, ఎవరైనా వచ్చి లెమ్మంటారేమో అన్నట్టు. అరవై ఎనిమిదేళ్లు. పాత ఓడల యార్డులో డాక్‌కి నీళ్లు పెట్టేదీ పంపుతో తోడేసేదీ ఆయనే. యార్డు మూతపడి పన్నెండేళ్లయింది. నాలుగేళ్ల కిందట కళాకేంద్రం వాళ్లు వచ్చి, బాయిలర్ షెడ్డును బొమ్మల గ్యాలరీ చేసి, ఓడల నమూనాలు గీసే హాల్లో నాట్యం క్లాసులు పెట్టి, క్రేనుకి పసుప్పచ్చ రంగేశారు. పాతవాళ్లలో ఇద్దరిని మాత్రం ఉంచుకున్నారు. ఒకడు పంపాయన. రెండోవాడు గేటు కొయ్య పని తెలిసిన వడ్రంగి. ఆ వడ్రంగే ఇప్పుడు శవాల గదిలో ఉన్నాడు.

“బుధవారం సంగతి చెప్పండి,” అన్నారు వదినగారు కుర్చీ లాక్కుంటూ.

“నాదే తప్పమ్మా.”

“తప్పెవరిదని నేనడగలేదు. టైమెంతని అడుగుతున్నాను.”

ఆ మాటకి ఆయన కొంచెం నిటారుగా కూర్చున్నాడు. టైము చెప్పడం ఆయనకి చేతనైన పని.

“అయిదూ ముప్ఫై అయిదుకి బోర్డు చూశాను. అయిదూ నలభైకి తూము తిప్పాను. కొయ్య ఎండిపోయి పగలకుండా బుధవారం సాయంత్రం నీళ్లు పెడతాం, గురువారం తెల్లారి తోడేస్తాం. నలభై ఒక్క ఏళ్లమ్మా. బోర్డు చూడకుండా తూము మీద చెయ్యి వెయ్యలేదు.”

“ఆ బోర్డు సంగతేంటో నాకు మొదటినుంచీ చెప్పండి.”

డాక్ అంటే సముద్రం ఒడ్డున తవ్విన పెద్ద రాతి గొయ్యి. ఒకవైపు గేటు. గేటు మూసి నీళ్లు తోడేస్తే ఓడ అడుగున మనుషులు పనిచేసుకోవచ్చు. తూము తిప్పితే సముద్రం లోపలికొస్తుంది. మరి లోపల మనిషి ఉన్నాడో లేడో పైనున్నవాడికి ఎలా తెలుస్తుంది? అందుకే ప్రతి పనివాడికీ ఒక నంబరు, ఆ నంబరున్న ఇత్తడి బిళ్ల. దిగేముందు పనిముట్ల గదిలో బోర్డు మీద తన నంబరు కొక్కేనికి బిళ్ల తగిలించి దిగాలి. పైకొచ్చాక తీసి జేబులో వేసుకుని ఇంటికి పోవాలి.

“ఒక్క బిళ్ల వేలాడినా కింద మనిషున్నట్టే,” అన్నాడు పంపాయన. “బోర్డు ఖాళీ అయితేనే తూము.”

“బుధవారం ఖాళీగా ఉందా?”

“ఉంది... ఉందనే అనుకున్నాను.”

“అనుకున్నారా? చూశారా?”

ఆయన నీళ్లు నమిలాడు. “చూశాననే ఇంతకాలం అనుకుంటున్నాను. కానీ గురువారం పొద్దున వాడి బిళ్ల అక్కడే ఉందిగా, ముప్ఫై ఏడు, కొక్కేనికి వేలాడుతూ. కళ్లాపరేషన్ చేయించుకో నాన్నా అని మా అమ్మాయి ఏడాదిగా పోరుతోంది. నేనే రేపూ మాపూ అన్నాను. వాడు కిందున్నాడని బిళ్ల చెప్పింది. నాకు కనపడలేదు. నీళ్లు వదిలేశాను. ముప్ఫై ఎనిమిదేళ్ల స్నేహితుడమ్మా వాడు.”

ఏడవలేదాయన. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఆ చేతులవంకే అసహ్యంగా చూసుకున్నాడు.

“ఈ రూలు కూడా ఆయనే చెప్పాడు,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్, గొంతు కాస్త తగ్గించి. “మాకేం తెలుసు? ఆ బిళ్ల చూసి ‘ఇదేంటి’ అనడిగితే, విడమరిచి చెప్పి మరీ ఇరుక్కున్నాడు. బయటెవరికీ ఈ ముక్క పొక్కనివ్వలేదు నేను. కోర్టులోనే చెప్దామని.”

వదినగారు ఆ మాట విని పంపాయన వంక చూశారు. నోరు మూసుకుని ఉంటే ఈయన పాటికి ఈయన ఇంట్లో ఉండేవాడు. తనని పట్టించే ముక్క తనే తెచ్చి పోలీసుల చేతిలో పెట్టాడు. అలాంటి మనిషిని ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆవిడ ఇద్దరినే చూశారు. ఇద్దరూ అబద్ధం ఆడలేకే ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

“నాలుగూ పదికి కాఫీ షాపులో వడ్రంగితో గొడవపడ్డారట. దేనికి?”

పంపాయన తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ‘చూశారా’ అన్నట్టు కనుబొమలెగరేశాడు.

“గేటు అడుగున నీళ్లు కారకుండా కొయ్య పట్టీ ఉంటుందమ్మా,” అన్నాడు చివరికి పంపాయన. “అది పుచ్చిపోయింది. వాడు ఉలితో ఒక ముక్క చెక్కి తీసి చూపించాడు. బిస్కట్టులా పొడైపోయింది. శనివారం ప్రారంభోత్సవం. డాక్ అడుగున వేదికేసి రెండొందల మందిని కూర్చోబెడుతున్నారు. అది ఆపించాలన్నాడు. నేను... ఈ ఒక్క శనివారం కానియ్యరా, ఆదివారం చెబుదువుగాని అన్నాను. మా అమ్మాయి ఉద్యోగం అక్కడే కదా. వాడు నన్ను చెడామడా తిట్టి, ఇప్పుడే పోయి కళాకేంద్రం డైరెక్టర్‌కి చెప్తానని లేచాడు.”

“చెప్పాడా?”

“ఏమో. మళ్లీ కనపడలేదు.”

“పోలీసులకి ఇదెందుకు చెప్పలేదు?”

“సిగ్గమ్మా,” అన్నాడాయన.

*

ఒంటిగంటా అయిదు. ఒకప్పుడు పనిముట్ల గది, ఇప్పుడు కాఫీ షాపు. బోర్డు గోడలో బిగించి ఉండటంతో ఎవరూ పీకలేక అక్కడే వదిలేశారు. అరవై కొక్కేలు. ముప్ఫై ఏడో కొక్కేనికి బిళ్ల, ఆ ఒక్క కొక్కెం చుట్టూ పోలీసు టేపు. బోర్డుపైన యార్డు నాటి పెద్ద గడియారం. వదినగారు దాన్ని తన చేతి వాచీతో సరిచూశారు. నాలుగు నిమిషాలు ముందుంది.

“ఎప్పుడూ అంతేనండీ,” అంది పంపాయన కూతురు, కౌంటరు వెనకనుంచి. కళ్లు వాచిపోయి ఉన్నాయి, కానీ కప్పులు కడగడం ఆపలేదు. “అప్పట్లో పనివాళ్లు ఆలస్యంగా రాకూడదని ముందుకు పెట్టారట. నాన్న సరిచెయ్యనివ్వడు.”

బోర్డు పక్కన అందమైన అక్షరాలతో ఒక పలక ఉంది. వదినగారు కళ్లజోడు సవరించుకుని చదివారు: ‘పనివాడు డాక్‌లోకి వెళ్లేటప్పుడు తన బిళ్లను వెంట తీసుకువెళ్లేవాడు. క్షేమంగా పైకి వచ్చాక ఈ బోర్డుకు తగిలించేవాడు.’

రెండోసారి చదివారు.

“ఇదేంటమ్మా, తలకిందులుగా ఉంది?”

“తప్పండీ అది. డైరెక్టర్‌గారు వేరే ఏదో యార్డు గురించి ఎక్కడో చదివి రాశారు. పెదనాన్న నెల్లాళ్లుగా మొత్తుకుంటున్నాడు. పెదనాన్న అంటే... ఆయనే, పోయినాయన. ‘బాబూ, ఇక్కడ అలా కాదు’ అంటే, ‘చూద్దాం పెద్దాయనా, రికార్డులు చూసి మారుద్దాం’ అంటారు. నలభై ఏళ్లు తగిలించినవాళ్లు చెబుతుంటే ఇంకా రికార్డులేంటండీ!”

వదినగారు పలకను వేలితో మెల్లిగా తట్టారు. ఏదో తట్టినప్పుడు ఆవిడ అలాగే చేస్తారు.

“నేను ఫోనులో అడిగిన ఫొటోలు దొరికాయా?”

కూతురు చేతులు తుడుచుకుని ఫోను ఇచ్చింది. అక్కడికొచ్చే కుర్రజంటలన్నీ ఆ బోర్డు ముందు నిలబడి ఫొటో దిగి, కాఫీ షాపు పేజీలో పెడుతుంటాయి. బుధవారం సాయంత్రానివి మూడు దొరికాయి. మూడింట్లోనూ వెనకాల గడియారం చక్కగా పడింది. వదినగారు ఒక్కో ఫొటోనూ పెద్దది చేసి ముప్ఫై ఏడో కొక్కెం చూశారు, గడియారం చూశారు, నాలుగు నిమిషాలు తీసేసి చిన్న పుస్తకంలో రాసుకున్నారు. రెండో ఫొటో దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత ఆ పేజీ మీద గట్టిగా గీత గీశారు.

“డాక్ మెట్ల తాళాలు ఎవరెవరి దగ్గర ఉంటాయి?”

“నాన్న, పెదనాన్న, డైరెక్టర్‌గారు.”

“మీ నాన్న పాత బిళ్ల ఉందా?”

ఉంది. నాలుగో నంబరు. కౌంటరు సొరుగులోంచి తీసిచ్చింది. వదినగారు దాన్ని తీసుకెళ్లి నాలుగో కొక్కేనికి తగిలించారు. అప్పుడే టాబ్లెట్ పట్టుకుని లోపలికొస్తున్న డైరెక్టర్‌కి వినపడేలా, “నేనూ ఇన్‌స్పెక్టర్‌గారూ డాక్‌లోకి దిగుతున్నాం!” అన్నారు.

డైరెక్టర్‌కి ముప్ఫై అయిదేళ్లుంటాయి. నార చొక్కా, మర్యాదైన మాట. ఆ చోటంటే నిజంగానే ప్రాణం పెడతాడు. ఏ గోడ ఏ సంవత్సరంలో కట్టారో నిద్రలో లేపినా చెబుతాడు.

“జాగ్రత్త మేడమ్, కింద పాచి,” అన్నాడు. “పెద్దాయన సంగతి తలుచుకుంటే మనసు మనసులో లేదు నాకు. రేపటి కార్యక్రమం ఆయనకే అంకితం చేస్తున్నాం.”

*

ఒంటిగంటా యాభై. మెట్ల మొదట్లో చెక్క స్టాండు మీద ఒక జత రబ్బరు బూట్లు. మడమ మీద తెల్ల రంగుతో 37. వదినగారు చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, గోడకున్న ఇనుప కమ్మీ పట్టుకుంటూ యాభై రెండు మెట్లు దిగారు. వెనకాల ఇన్‌స్పెక్టర్ గొణుక్కుంటూ దిగాడు. పాలిష్ చేసిన బూట్లు అతనివి. రెండుసార్లు జారాడు.

అడుగున కొత్త వేదిక, దాని ముందు మడత కుర్చీల దొంతరలు. వాటిని దింపిన సామాన్ల లిఫ్టు ఒక మూల. శవం దొరికింది వేదిక కింద. పైనుంచి ఎంత తొంగి చూసినా అక్కడ మనిషున్నట్టు తెలియదు. ఆవిడ మెడ ఎత్తి, పైన తూము చక్రం ఉన్న చోట నిలబడితే ఏం కనపడుతుందో అంచనా వేసుకున్నారు. తర్వాత గేటు దగ్గరికెళ్లారు. అడుగు పట్టీలో కొత్తగా ఉలి దిగిన గాటు, వేలెడంత ముక్క పోయింది. గాటులోంచి సన్నగా నీటి ధార.

“శవం జేబుల్లో ఏమున్నాయి?”

“తాళంచెవి, చేతిరుమాలు, ఫోను.”

“కొయ్య ముక్క?”

“లేదు.”

“కాళ్లకి?”

“తోలు చెప్పులు. ఏం?”

“మీరు రెండుసార్లు జారారు మరిదిగారూ. నలభై ఏళ్లు దిగినవాడు, పైన రబ్బరు బూట్లు పెట్టుకుని, తోలు చెప్పులతో దిగుతాడా?”

“తొందరలో దిగుంటాడు.”

“బిళ్ల మీద వేలిముద్రలు?”

ఇన్‌స్పెక్టర్ మొహం ముడుచుకున్నాడు. “లేవు. శుభ్రంగా ఉంది.”

“ఆయనవి కూడా?”

“లేవన్నానుగా! చేతులకి గుడ్డ కట్టుకున్నాడేమో. వదినా, మీరు బూట్లూ చెప్పులూ అంటూ నన్ను తిప్పుతున్నారు. నాకొక్కటి చెప్పండి. బిళ్ల బోర్డు మీదుందా లేదా? ఉంది. ఉంటే మనిషి కిందున్నట్టా కాదా? ఉన్నట్టే. ఆయన నీళ్లు వదిలాడా లేదా? వదిలాడు. నాలుగింటికి జడ్జిగారు నన్నడిగేవి ఈ మూడే.”

“నాలుగోది నేనడుగుతాను. ఆ బిళ్ల ఎన్నింటి నుంచీ ఉంది?” ఆవిడ ఫోను చూపించారు. “ఇది ఆరూ అయిదుకి తీసిన ఫొటో. కొక్కెం ఖాళీ. ఇది ఆరూ ఇరవై ఆరుకి. బిళ్ల వచ్చింది. పంపాయన చూసింది అయిదూ ముప్ఫై అయిదుకి. ఆయన కళ్లు బాగానే ఉన్నాయి, బోర్డు నిజంగానే ఖాళీ.”

ఇన్‌స్పెక్టర్ ఫోను లాక్కుని చూశాడు. వేళ్లతో పెద్దది చేశాడు, చిన్నది చేశాడు. అతను మొండివాడే కానీ మొద్దు కాదు.

“అప్పటికి డాక్‌లో సగం నీళ్లు,” అన్నాడు నెమ్మదిగా. “మునిగినవాడు పైకొచ్చి తగిలించలేడు. ఇంకెవరో తగిలించారు. పంపాయనని ఇరికించాలని! అంటే ఈ యార్డు రూలు బాగా తెలిసినవాడెవడో...”

“తెలిసినవాడు కాదు మరిదిగారూ. తెలియనివాడు.”

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. డైరెక్టర్ జాగ్రత్తగా దిగివస్తున్నాడు. దగ్గరికొచ్చి నవ్వుతూ చెయ్యి చాపాడు. అరచేతిలో ఇత్తడి బిళ్ల. నాలుగో నంబరు.

“మేడమ్, మీరు పొరపాటున దీన్ని పైనే తగిలించి వచ్చేశారు. కింద ఉన్నంతసేపూ దగ్గర ఉంచుకోవాలి. పైకెళ్లాక తగిలించాలి. ఇక్కడి పద్ధతి అది.”

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. వదినగారు చెప్పులున్న చెయ్యి కొంచెం ఎత్తేసరికి మూశాడు.

“అయ్యో, అలాగా! మంచిపని చేశారు బాబూ,” అంటూ ఆవిడ బిళ్ల అందుకున్నారు. “అవునూ, బుధవారం సాయంత్రం పెద్దాయన భార్య మీకు ఫోను చేసిందట కదా?”

“అవునండీ, పాపం. అయిదున్నరకి ఆయనకి ఇంజెక్షన్ టైమట. ఫోను ఎత్తడం లేదని కంగారుపడ్డారు.”

“మీరేమన్నారు?”

“పైకొచ్చేశారండీ, బిళ్ల బోర్డుకి తగిలించి ఉంది, బయల్దేరి ఉంటారు అన్నాను. తర్వాత ఏదో మర్చిపోయి మళ్లీ దిగినట్టున్నారు.”

“బిళ్ల చూసే చెప్పారా?”

“చూసే చెప్పాను. బోర్డు ముందే నిలబడి మాట్లాడాను.”

“ఎన్నింటికి?”

“గుర్తులేదు మేడమ్. ఆరున్నర అయి ఉంటుంది.”

“ఆవిడ ఫోను పొద్దున చూసొచ్చాను. మీదీ ఒకసారి చూడండి, నా కళ్లు నేనే నమ్మను.”

అతను జేబులోంచి ఫోను తీశాడు. పైకి జరిపాడు. ఆగాడు. మొహంలో నవ్వు ఇంకా అలాగే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

“చదవండి బాబూ.”

“అయిదూ యాభై రెండు.”

“అయిదూ యాభై రెండుకి మీరు ఆ బిళ్ల బోర్డు మీద చూశారు. ఆరూ అయిదుకి అది బోర్డు మీద లేదు. ఫొటో ఉంది. మీరు చూసిన బిళ్ల ఆ టైముకి ఎక్కడుందో నేను చెప్పనా, మీరు చెప్తారా?”

ఇన్‌స్పెక్టర్ మెల్లిగా నడిచి మెట్లకూ డైరెక్టర్‌కూ మధ్య నిలబడ్డాడు. ఈసారి జారలేదు.

“నేను తోశానంతే,” అన్నాడు డైరెక్టర్. గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. “పైన గేటు మీద. ఆ కొయ్య ముక్క నా మొహం ముందు పెట్టి, ఇప్పుడే పోర్టు ఆఫీసుకెళ్తున్నానన్నారు. నాలుగేళ్లు మేడమ్. నాలుగేళ్లు ఈ శనివారం కోసమే పనిచేశాను. రెండు రోజులు ఆగమన్నాను, కాళ్లు పట్టుకుంటానన్నాను. వినలేదు. చెయ్యి తోసేశాను. ఇనుప దిమ్మె మీద పడ్డారు. కదల్లేదు. చచ్చిపోయారనుకున్నాను. నీళ్లు వదిలే టైమైందని తెలుసు, లిఫ్టులో దింపి... కొయ్య ముక్క కోసం జేబులు వెతికితే బిళ్ల కూడా చేతికొచ్చింది.”

“ఆవిడ ఫోను రాగానే తగిలించి ఉందని చెప్పేశారు. చెప్పాక తగిలించాలి కదా. కాఫీ షాపులో జనం పలచబడేదాకా ఆగారు.”

అతను తలూపాడు.

“చనిపోలేదు బాబూ ఆయన,” అన్నారు వదినగారు. కోపంగా అనలేదు. “మీరు దింపినప్పుడు ఊపిరి ఉంది. లేకపోతే ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోవు.”

డైరెక్టర్ అక్కడే, పాచి మీదే, కూలబడిపోయాడు. అంత శుభ్రమైన చొక్కా అతనిది. ఏ గోడ ఎప్పుడు కట్టారో అన్నీ తెలుసు. ఆ గోడల మధ్య పనిచేసిన మనిషి నెల్లాళ్లు మొత్తుకున్న ఒక్క ముక్క మాత్రం చెవిన పెట్టలేదు.

*

మూడూ ఇరవై. మళ్లీ స్టేషను. ఇన్‌స్పెక్టర్ పోర్టు ఆఫీసుకి ఫోను చేసి డాక్ మూయించాడు, శనివారం కార్యక్రమం ఆపించాడు, కోర్టుకి కబురు పంపాడు. అన్నీ అయ్యాక వదినగారికి ఒక కాఫీ తెప్పించాడు. క్షమాపణ చెప్పడం అతనికి రాదు. కాఫీయే అనుకోవాలి.

జీపులో వస్తున్నంతసేపూ ఆవిడ ఒక లెక్క వేసుకుంటూనే ఉన్నారు. డైరెక్టర్ చెప్పిన ప్రకారం తోసింది అయిదుంపావుకి. బిళ్ల చేతికొచ్చింది అయిదూ ఇరవైకి. తూము తిరిగింది అయిదూ నలభైకి. ఈ లెక్క పంపాయనకి చెప్పకూడదని అప్పుడే నిశ్చయించుకున్నారు. కొన్ని టైములు రిపోర్టులో రాయాలి, మనిషికి చెప్పనక్కర్లేదు.

కూతురు పంపాయన పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది. వదినగారు ఫోను ఇచ్చారు.

“చూడండి. మీరు చూసి వెళ్లిన అరగంటకి తీసిన ఫొటో.”

ఆయన ఫోను కళ్లకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకున్నాడు. వేలితో కొక్కేలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ పోయాడు. ముప్ఫై ఏడు దగ్గర వేలు ఆగింది.

“ఖాళీ,” అన్నాడు.

“ఖాళీయే.”

“నేను చూసినప్పుడూ ఖాళీయేనా?”

“ఖాళీయే. మీరు సరిగ్గానే చూశారు. ఆ డైరెక్టర్ అబ్బాయి తర్వాత తగిలించాడు. తగిలిస్తే పైకొచ్చినట్టని వాడి నమ్మకం.”

అప్పుడు ఏడ్చాడాయన. కూతురి భుజం మీద తల పెట్టుకుని, చప్పుడు లేకుండా, చాలాసేపు. ఇన్‌స్పెక్టర్ గోడ మీద క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

ఏడుపు ఆగాక పంపాయన కళ్లు తుడుచుకుని అడిగాడు. “బిళ్ల ఆ అబ్బాయి చేతికి ఎప్పుడొచ్చిందమ్మా?”

వదినగారు కాఫీ కప్పు వంక చూశారు. “అవన్నీ ఇప్పుడెందుకు లెండి.”

“చెప్పండమ్మా.”

ఆ మనిషి ముందు అబద్ధం ఆడటం ఆవిడ వల్ల కాలేదు.

“అయిదూ ఇరవైకి.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ బోర్డును ఆయనకంటే బాగా ఎరిగినవాళ్లు లేరు. లెక్క కట్టడానికి ఆయనకి పుస్తకం అక్కర్లేదు.

“అయితే ఆ అబ్బాయి బిళ్లని అప్పుడే తగిలించుంటే, నేను అయిదూ ముప్ఫై అయిదుకి చూసేవాణ్ణి,” అన్నాడు. “తూము తిప్పేవాణ్ణి కాదు. ఎక్కడున్నావురా అని అరుచుకుంటూ దిగేవాణ్ణి. ఆ అబ్బాయికి రూలు తెలియకపోయినా సరే. ఒక్క గంట ముందు ఆ తప్పు చేసుంటే చాలు.”

కూతురు ఆయన చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

“ముప్ఫై ఏడు ఇంకా బోర్డు మీదే ఉందా?” అన్నాడు ఉన్నట్టుండి.

“ఉంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “పంచనామా ఇంకా కాలేదు.”

“నిన్న పొద్దున్నే పైకొచ్చాడు బాబూ వాడు. బిళ్ల అలా వేలాడుతుంటే వాడింకా కిందే ఉన్నట్టు.”

ఇన్‌స్పెక్టర్ వదినగారి వంక చూశాడు. అతను బల్ల మీద టోపీ తీసుకుని, వంగి పంపాయన భుజం కింద చెయ్యేసి లేపాడు.

“పద బాబాయ్. నువ్వే తీద్దువుగాని. పంచనామాలో అలాగే రాసుకుంటాను.”